పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా?

అన్నం తింటూంటే పొలమారిందనుకోండి. ఇంట్లో పెద్దావిడ ఎవరున్నా వెంటనే మాడు మీద నాలుగు తట్లు తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే" అంటుంది. మనం దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఎవరై ఉంటారా అని పుట్టింటి వాళ్ళందర్నీ వరసపెట్టి గుర్తు చేసుకుంటాం. అమ్మ పేరు అనుకోగానే దగ్గు ఆగితే, అమ్మే తలుచుకుందని సంబరపడతాం. నేనూ యాభై ఏళ్ళ నుంచీ అదే చేస్తున్నాను. మాటలో తప్పేం లేదు, తియ్యటి మాటే. కానీ ఆ తియ్యటి మాట అనేసి ఊరుకున్నందుకు మా ఇంట్లో ఒక పసివాడు దాదాపు నెల రోజులు ఊపిరాడక అవస్థ పడ్డాడు. ఆ మాట అన్నది నేనే. అందుకని ఈ వారం కూరలూ పచ్చళ్ళూ పక్కన పెట్టి ఆ సంగతే రాస్తున్నాను.

మా మనవడికి అప్పుడు ఏడాదీ ఎనిమిది నెలలు. సంక్రాంతి ఇంకో వారం ఉందనగా ఉండలు చేద్దామని వేరుశనగ పప్పులు వేయిస్తున్నాను. (మీరు పల్లీలంటారో, శనక్కాయ విత్తనాలంటారో, మీ ఊరి మాట మీది.) వాడు వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒకటే పేచీ. పొట్టు తీసిన గింజలు నాలుగు, చిన్న బెల్లం ముక్క చేతిలో పెట్టాను. మూడు నోట్లో వేసుకున్నాడు. అంతలో మావారు గాలిపటం తోక వాడి ముక్కు మీద ఆడించారు. వాడు పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయాడు. మొహం ఎర్రగా కందిపోయింది. తరవాత దగ్గు, ఒకటే దగ్గు. నేను మాడు మీద తట్టి "మీ అమ్మమ్మ తలుచుకుంటోంది నాన్నా" అన్నాను. ఓ అయిదు నిమిషాలకి దగ్గు తగ్గింది. కాసిని నీళ్ళు తాగాడు, గాలిపటం కోసం మళ్ళీ పరిగెత్తాడు. కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. కిందికి వచ్చాక చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి ఏముందీ అనుకున్నాను.

పండగ వెళ్ళిన మూడో రోజు నుంచీ దగ్గు మొదలైంది. చలికాలం కదా, జలుబు చేసిందనుకున్నాం. వాము, తమలపాకు రసం, అన్నీ అయ్యాయి. రాత్రి పడుకుంటే రొమ్ములోంచి పిల్లికూతలు. డాక్టరు దగ్గరికి వెళ్తే సిరప్ ఇచ్చారు, తగ్గలేదు. మందు మార్చారు, కాస్త తగ్గి మళ్ళీ వచ్చింది, ఈసారి జ్వరంతో. మాస్కు పెట్టి ఆవిరిలా మందు పట్టించారు. అదయ్యాకా అంతే. మూడు వారాలు గడిచాయి. అప్పుడు నేనన్న మాట ఒకటుంది, రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. "మీ నాన్నగారికి ఉబ్బసం ఉంది కదమ్మా, ఆ పోలికే వచ్చినట్టుంది" అన్నాను కోడలితో. ఆ పిల్ల ఏమీ అనలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి. మొదటి రోజే ఆ డాక్టరుగారు అడిగారు, "ఏమన్నా తింటూ పొలమారిందా?" అని. "లేదండీ" అంది కోడలు. దానికి తెలీదు. నాకు తెలుసు, నేను పక్కనే ఉన్నాను. ఎప్పుడో పండగ ముందు అయిదు నిమిషాలు దగ్గితే దానికీ దీనికీ సంబంధమేమిటిలే అనుకుని ఊరుకున్నాను. సంబంధం లేదన్న నమ్మకంతోనే చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది నమ్మకం కాదు, భయం. నా చేత్తో పెట్టిన గింజలు కదా.

ఆ గింజ ఎక్కడికి పోయింది, ఎలా పోయింది అన్నది మా ఆడపడుచు కూతురు తరవాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. తను పిల్లల డాక్టరు. నేను డాక్టర్ని కాను. విన్నది వంటింటి భాషలో చెబుతాను.

ముక్కు, నోరు రెండూ వెనక్కి వెళ్ళి గొంతులో కలుస్తాయి. అక్కణ్ణించి మళ్ళీ రెండు దారులు. ముందువైపు శ్వాసనాళం, దాని వెనకాల ఆహారనాళం. అంటే గాలి దారి ముందుంది, అన్నం దారి వెనకుంది. మనం తిన్న ప్రతి ముద్దా గాలి దారి గుమ్మం మీంచి దాటుకునే వెనక్కి వెళ్ళాలి. ఇల్లు కట్టించేటప్పుడు హాల్లోంచి నడిచి బాత్రూముకి వెళ్ళే ప్లాను వేస్తే మనం ఒప్పుకుంటామా? దేవుడు వేశాడు కాబట్టి ఊరుకున్నాం.

అయితే ఆ గుమ్మానికి కాపలా బలంగానే ఉంది. ఇప్పుడు మీ గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుని ఓసారి గుటక వెయ్యండి. లోపల గట్టిగా ఉన్నదేదో పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది కదూ? అది స్వరపేటిక, మాట పుట్టే పెట్టె. గుటక వేసినప్పుడు అది పైకి లేచి, నాలుక మొదలు కిందికి ఒదిగిపోతుంది. ఉపజిహ్విక అని ఆకులాంటి చిన్న మూత దాని మీదికి వాలుతుంది. లోపల స్వరతంతులు రెండూ తలుపు రెక్కల్లా దగ్గరికి మూసుకుంటాయి. ఆ క్షణం ఊపిరి ఆగుతుంది. కావాలంటే ఒకేసారి గుటకా వేసి గాలీ పీల్చి చూడండి, మీవల్ల కాదు. ముద్ద దాటాక మళ్ళీ అన్నీ తెరుచుకుంటాయి. రోజుకి కొన్ని వందల సార్లు మనకి తెలీకుండానే ఇది జరిగిపోతోంది. చాలామంది ఈ మూత పని కొండనాలుక చేస్తుందనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కొండనాలుక, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న మెత్తటి అంగుడి భాగం చేసేది వేరే పని. అవి పైకి లేచి ముక్కు దారిని మూస్తాయి, మింగింది ముక్కులోకి ఎక్కకుండా.

మరి నవ్వినప్పుడో? మాట్లాడినప్పుడో? నవ్వాలంటే గాలి కావాలి, గాలి కావాలంటే తలుపులు తెరిచి ఉండాలి. పకపకా నవ్వాక ఊపిరి ఒక్కసారి బలంగా లోపలికి లాక్కుంటాం. నోట్లో గింజ ఉంటే అదీ గాలితో పాటే పోతుంది. పెద్దవాళ్ళు "తినేటప్పుడు మాట్లాడకండర్రా" అని గదమాయించేవాళ్ళు చూడండి, అది మర్యాద కోసం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పిల్లల్లో ఇంకో చిక్కు. గింజని నమిలి పిండి చెయ్యాలంటే దవడ పళ్ళు కావాలి. రెండో దవడ పళ్ళు వచ్చేసరికి రెండేళ్ళు దాటుతాయి, రెండున్నర కూడా అవుతుంది. అంతదాకా ముందుపళ్ళతో గింజని రెండు బద్దలు చెయ్యగలరు గానీ నలపలేరు. పైగా వాళ్ళ శ్వాసనాళం వాళ్ళ చిటికెన వేలంత లావే ఉంటుంది. ఓసారి మీ ఇంట్లో పసివాడి చిటికెన వేలు పట్టుకుని, పక్కన ఒక వేరుశనగ గింజ పెట్టి చూడండి.

ఇక ఆ గింజ లోపలికి పోయింది. శ్వాసనాళం బెత్తెడు పొడుగుండే గొట్టం. నలిగి మూసుకుపోకుండా దానికి మృదులాస్థి ఉంగరాలు పదహారు నుంచి ఇరవై దాకా ఉంటాయి. ఉంగరాలంటే నిండు ఉంగరాలు కావు, వెనకవైపు తెరిచి ఉన్న కడియాల్లాంటివి. వెనకాల ఉన్న ఆహారనాళంలో ముద్ద దిగేటప్పుడు అది కాస్త ఉబ్బడానికి చోటు కావాలి కదా, అందుకు. గుండె మీదికి వచ్చాక ఈ గొట్టం రెండుగా చీలుతుంది, కుడి ఊపిరితిత్తికి ఒకటి, ఎడమ దానికి ఒకటి. ఎడమవైపు గుండె ఉంది కాబట్టి ఎడమ గొట్టం పక్కకి ఒరిగి వెళ్తుంది, సన్నగా కూడా ఉంటుంది. కుడిది లావుగా, ఇంచుమించు నిటారుగా దిగుతుంది. అందుకని దారి తప్పిన వస్తువు ఎక్కువగా కుడివైపే పడుతుంది. మా వాడి గింజ బద్దా అక్కడే పడింది.

పడగానే ఊపిరి ఆగిపోలేదేం, అయిదు నిమిషాల్లో దగ్గు తగ్గిందేం అని నేను అడిగాను. దగ్గు పుట్టించే సున్నితం గొంతు దగ్గర, గొట్టం చీలే చోట ఎక్కువట. గింజ ఆ చోటు దాటి లోపలికి జారి కుదురుకున్నాక దగ్గు సద్దుమణుగుతుంది. తల్లి "హమ్మయ్య" అనుకుంటుంది. నిజానికి అప్పుడే అసలు కథ మొదలు. వేరుశనగ గింజ అందరిలా ఊరికే కూర్చోదు. లోపలి తడికి నానుతుంది, ఉబ్బుతుంది. దానిలోని నూనె గొట్టం లోపలి పొరని ఒరుస్తుంది, పొర వాస్తుంది, కళ్ళె పడుతుంది. ఈ వాపుకి డాక్టర్ల పుస్తకాల్లో ప్రత్యేకంగా పేరే ఉందట. పిన్నీసో రూపాయి బిళ్ళో అయితే ఎక్స్‌రేలో కనబడుతుంది. గింజ కనబడదు.

ఇప్పుడు ఊపిరి ఎలా ఆడుతుందో ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. ఊపిరితిత్తి అన్న మాటలోనే గుట్టంతా ఉంది. తిత్తి అంటే కొలిమి తిత్తి. కమ్మరి తిత్తిని విప్పితే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది, నొక్కితే బయటికి పోతుంది. ఊపిరితిత్తులకి సొంతంగా కదిలే కండ లేదు. పని చేసేది వాటి చుట్టూ ఉన్నవి. కింద పొట్టకీ రొమ్ముకీ మధ్య గొడుగులా వంగి ఉన్న పెద్ద కండరం ఒకటుంది. పుస్తకాల్లో ఉదరవితానం అంటారు, వితానమంటే చాందినీ. అది బిగిసినప్పుడు చదునై కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి. లోపల చోటు పెరుగుతుంది, గాలి వచ్చి నిండుతుంది. వదిలేస్తే మళ్ళీ తిత్తి ముడుచుకుంటుంది. పసివాడు నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎగిరిపడడం చూస్తాం కదా, అది ఈ చాందినీ పనే. అదే కండరం ఉలిక్కిపడ్డట్టు బిగిసి, పైన స్వరతంతులు టక్కున మూసుకుంటే వచ్చేది ఎక్కిలి. ఎక్కిళ్ళకీ ఎవరో తలుచుకుంటున్నారనే అంటాం. పాపం, తలుచుకునేవాళ్ళకి ఎంత పనో!

పెద్దలు మనిషికి రోజుకి 21,600 శ్వాసలని లెక్క చెబుతారు. నిమిషానికి 15 చొప్పున వేసి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసకి ఇంచుమించు అర లీటరు గాలి, మన పాల ప్యాకెట్ అంత. అంటే రోజుకి పదివేల లీటర్ల పైమాటే. అయిదువేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు రెండు వీధిలో నిలబెట్టినంత. ఇంత గాలీ ముక్కులో వెచ్చబడి, తడిసి, దుమ్ము వడకట్టుకుని లోపలికి పోవాలి. నోటితో పీల్చే పిల్లలకి ఈ వడపోత ఉండదు, అందుకే ఎప్పుడూ నోరు తెరుచుకుని పడుకునే పిల్లాణ్ణి ఒకసారి చూపించమంటారు.

గాలి పీల్చినప్పుడు గొట్టాలు కాస్త విచ్చుకుంటాయి, వదిలినప్పుడు సన్నబడతాయి. గింజ అడ్డం ఉన్నచోట ఏమవుతుంది? పీల్చినప్పుడు గింజ పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది. వదిలినప్పుడు గొట్టం గింజని కరిచిపట్టుకుంటుంది, గాలి బయటికి రాదు. సైకిల్ ట్యూబు వాల్వు చూశారు కదా, అచ్చం అలాగే. కొట్టినకొద్దీ నిండుతుంది గానీ తిరిగి రాదు. ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బిపోతుంది. అడ్డం పూర్తిగా మూసుకుపోతే ఇందుకు తిరగబడుతుంది, లోపలి గాలి రక్తంలోకి ఇంకిపోయి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అడుగున కళ్ళె నిలిచి చీము పట్టి న్యుమోనియా వస్తుంది. మందు వేస్తే తగ్గడం, ఆపితే మళ్ళీ రావడం, మేం చూసింది అదే.

నాలుగో వారంలో ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాం. ఆవిడ స్టెతస్కోపు ఎడమవైపు పెట్టి విన్నారు, కుడివైపు పెట్టి విన్నారు, మళ్ళీ ఎడమవైపు. "కుడివైపు గాలి సరిగ్గా ఆడట్లేదు. ఉబ్బసమైతే రెండువైపులా కూతలుంటాయి. వీడికి ఒక్కవైపే. ఈ మధ్య, ఒక నెలలోపు, ఏమన్నా తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడా? బాగా ఆలోచించి చెప్పండి" అన్నారు. కోడలు "లేదండీ, నాకు తెలిసి..." అంటోంది. నా చేతులు చల్లబడిపోయాయి. "అయ్యాడమ్మా. పండగ ముందు. నేనే పెట్టాను వేరుశనగ పప్పులు" అన్నాను. కోడలు నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కూడా కాదది.

డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పటికైనా చెప్పారు, చాలామంది చెప్పరు పెద్దమ్మగారూ" అన్నారంతే. పిల్లాడు ఊపిరి వదిలినప్పుడు పడేలా ఎక్స్‌రే తీయించారు. ఏడుస్తున్న పిల్లాడితో అది ఎలా కుదిరిందో ఆ తీసినాయనకే తెలియాలి. గింజ కనబడలేదు గానీ కుడి ఊపిరితిత్తి ఎడమదానికన్నా నల్లగా, పెద్దగా కనబడింది. మర్నాడు మత్తు ఇచ్చి, నోట్లోంచి శ్వాసనాళంలోకి సన్నటి గొట్టం పంపించారు. బ్రాంకోస్కోపీ అంటారు. చివర వెలుగు, లోపల పట్టకారు. అరగంట మేం బయట కూర్చున్నాం. గింజ బద్ద ఒకటి, నాని, ఉబ్బి, అంచులు చెదిరి బయటికొచ్చింది. నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదట. జర్మనీలో ఫ్రైబర్గ్‌లో గుస్తావ్ కిలియాన్ అనే గొంతు డాక్టరు 1897లో ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కని ఇలాగే నోటి దారిన తీశాడు. ఆ తరవాత అమెరికాలో షెవలియర్ జాక్సన్ అనే డాక్టరు జీవితమంతా ఇదే పని చేశాడు. జనం మింగినవీ పీల్చినవీ తీసి దాచిన వస్తువులు రెండువేల పైచిలుకు. గుండీలు, పిన్నులు, ఎముకలు, గింజలు, బొమ్మల ముక్కలు. అవి ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. మన ఇళ్ళల్లో అయితే చింతగింజ, సీతాఫలం గింజ, సపోటా గింజ, పుట్నాలపప్పు, పెన్ను మూత కూడా ఆ జాబితాలో చేరతాయి.

గింజ తీసిన సాయంత్రానికే వాడి పెదాల రంగు మారింది. నీలం ఛాయ ఉందని అప్పటిదాకా మేం గమనించనే లేదు, రోజూ చూసే మొహం కదా. ఎందుకు మారిందో కూడా చెప్పించుకున్నాను. గొట్టాలు చీలి చీలి, చివరికి ద్రాక్షగుత్తుల్లాంటి గాలి బుడగలతో ముగుస్తాయి. వాయుకోశాలంటారు. పెద్దవాళ్ళలో ఇవి కోట్లలో ఉంటాయి, 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా లెక్క చెబుతారు. అన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్ల దాకా వస్తుంది. అంటే 750 చదరపు అడుగులు, ఒక మోస్తరు రెండు పడగ్గదుల ఫ్లాటు! ఆ బుడగ గోడకి ఇవతల గాలి, అవతల సన్నటి రక్తనాళాలు. మధ్య పొర ఎంత పల్చనంటే ఉల్లిపొర దాని ముందు దుప్పటి. రక్తం ఆ పక్కనుంచి వెళ్ళేది ముప్పావు సెకను. అంతలోనే ఆక్సిజన్ ఎక్కించుకుని, కార్బన్ డై ఆక్సైడ్ దింపేసి, నల్లెరుపు నుంచి ఎర్రెరుపుకి మారిపోతుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ వందకి 21 పాళ్ళు. వదిలే గాలిలో ఇంకా 16 పాళ్ళు ఉంటుంది. నోట్లో నోరు పెట్టి ఊదితే మనిషి బతికేది ఆ మిగులు వల్లే.

ఉక్కిరిబిక్కిరైతే అప్పటికప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. పిల్లాడు గట్టిగా దగ్గగలుగుతుంటే, ఏడుస్తుంటే, దగ్గనివ్వాలి. దగ్గుని మించిన మందు లేదు. మాడు మీద తట్టడం, నీళ్ళు పోయడం, నోట్లో వేళ్ళు పెట్టి తడమడం, ఏవీ వద్దు. కనబడని వస్తువు కోసం వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, శబ్దం లేక, నీలంగా మారుతుంటే మాత్రం క్షణం ఆలస్యం కూడదు. ఏడాది దాటిన పిల్లాణ్ణి ముందుకి వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో గట్టిగా అయిదు దెబ్బలు. రాకపోతే వెనక నించుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. చాందినీ పైకి లేచి, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలే గింజని బయటికి తంతుంది. అమెరికాలో హైమ్లిక్ అనే డాక్టరు 1974లో చెప్పిన ఉపాయం ఇది. వచ్చేదాకా ఇది అయిదు, అది అయిదు. ఏడాది లోపు పసికందుకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద అయిదు దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యన అయిదు నొక్కులు. ఇంకొకరు ఈలోపు 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ తప్పితే రొమ్ము నొక్కుతూ ఊపిరి ఊదడమే. ఇవన్నీ చదివితే రావు. దగ్గర్లో ఎక్కడన్నా నేర్పిస్తుంటే సిగ్గుపడకుండా వెళ్ళి బొమ్మ మీద చేసి చూడండి. నేను ఈ వయసులో వెళ్ళాను.

అన్నిటికన్నా ముఖ్యం, పొలమారి తగ్గిపోయినా సరే, ఆ తరవాత వారంలో, నెలలో పిల్లాడికి వదలని దగ్గు వస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. అడక్కపోయినా చెప్పాలి. పెట్టింది అత్తగారైనా, పనిమనిషైనా, పక్కింటావిడైనా చెప్పేలా ఉండాలి ఇల్లు. మా ఇంట్లో నేను అత్తగారిని, నన్ను కసిరేవాళ్ళు ఎవరూ లేరు, అయినా నోరు పెగల్లేదు. అదే కోడలి చేతి గింజ అయ్యుంటే, నేను ఉన్న ఇంట్లో, ఆ పిల్ల చెప్పగలిగేదా అని ఎన్నో రాత్రులు ఆలోచించాను.

ఉబ్బసం పోలిక గురించి అన్నదానికి క్షమించమని అడిగాను. "పోనీలెండి అత్తయ్యా, వాడు బాగున్నాడు కదా" అంది. ఆ "పోనీలెండి"లో ఎంత పోయిందో, ఎంత మిగిలిందో నాకు తెలీదు. ఓ రెండు నెలలు వాడికి నేను అన్నం కలిపితే వెనకాలే నించుని చూసేది. నించోనీ, తప్పేముంది?

ఇప్పుడు మా ఇంట్లో వేరుశనగ మానెయ్యలేదు. అంత బలమైన తిండి మానడమెందుకు? కాకపోతే నాలుగైదేళ్ళు నిండేదాకా గింజ గింజగా వద్దు. పప్పులు దోరగా వేయించి, పొట్టు చెరిగి, మిక్సీలో మెత్తగా పొడి చేస్తాను. గుండ పలుకు పలుకుగా ఉండకూడదు, జల్లెడ పట్టి మిగిలిన పలుకులు మళ్ళీ వేస్తాను. కప్పు పొడికి అరకప్పు తురిమిన బెల్లం, చిటికెడు ఏలకుల పొడి. వాడికి ఉండ కట్టి ఇవ్వను, గొంతుకి అడ్డం పడుతుంది. గోరువెచ్చటి పాలల్లోనో, రాగి జావలోనో రెండు చెంచాలు కలిపి కూర్చోబెట్టి తాగిస్తాను. పెద్దవాళ్ళకి అదే పొడి కాస్త నెయ్యి చేర్చి ఉండలు. గింజల డబ్బా మాత్రం అటక మీదికి ఎక్కింది. వాడికి ఇప్పుడు మూడేళ్ళు. డబ్బా చప్పుడు విన్నాడంటే చాలు, "నానమ్మా, అది నా పొట్టలోకి కాదు, గాలి ఇంట్లోకి వెళ్ళింది కదూ?" అంటాడు. వాళ్ళమ్మ చెప్పిందట.